సిస్టరు నీళ్లు తాగే చోటు

కాయితాలు పట్టుకుని వచ్చినాడొక బాబు.
"నర్సుల సేవ ఎలాగుంది పెద్దమ్మా?
బాగుంది, పరవాలేదు, బాగోలేదు,
మూడిట్లో ఒకటి సెప్పు" అన్నాడు.
మిషను నా రగతాన్ని తిప్పడం మొదలెట్టి
అప్పటికి గంటయినాది.
ఇంకో మూడు గంటలు నాను కదల్లేను.
కూకో బాబూ, తొందరేటి?

సోమ, బుధ, శుక్ర.
తెల్లారి నాలుగింటికి ఆటో,
మందస కాడ్నించి పలాస దాకా.
ఆరుగురం. ఒకరి బరువు ఒకరికి తెలుసు,
గ్రాముల్తో సహా.

నాది జీడిపిక్కల చెయ్యి.
ఇరవయ్యేళ్లు పిక్క కొట్టి కొట్టి
జీడి కారి వేళ్ల గీతలు మాడిపోనాయి.
రేషను మిషను నా బొటనేలు సూసి
"నువ్వు నువ్వు కాదు" అంటాది.
ఆ చేతినే మా సువార్త సిస్టరు
ముందు తన అరచేతిలో పెట్టుకుంటాది.
సీతంపేట కొండమీది గుంట.
నాడి పట్టుకుంటే లోలోపల
ఆళ్ల సవర మాటల్లోన లెక్కెట్టుకుంటాది.
అప్పుడే సూది తీయదు, దూది తీయదు.
ఉబ్బిన నరం మీద రెండు వేళ్లు ఆన్చి
కళ్లు మూసుకుని వింటాది.
ముంతలో తుమ్మెదని మూసినట్టు
లోపల ఒకటే రొద.
"పాడతంది అప్పా, బాగా పాడతంది" అంటాది.
అప్పుడు గుచ్చుతాది.
నొప్పుండదని అబద్ధమాడను. నొప్పే.
కానీ సెప్పి వచ్చిన నొప్పి
సుట్టం వచ్చినట్టు వస్తాది.

ఓపాలి ఎండకి ఆగలేక
తాటిముంజెలు తిన్నాను, ఏడు.
తూకం ముల్లు నన్ను పట్టిచ్చేసినాది.
ముందరున్న సిస్టరయితే
గదంతా వినేలాగ "సచ్చిపోదామనుందా?" అనేది.
ఆమెదీ తప్పనను. పన్నెండు మంచాలు, ఒక్క మనిషి.
సువార్త అంకె రాసుకున్నాది.
చెవి కాడికొచ్చి,
"లేతవేనా?" అన్నాది.

దున్న కూర్మయ్యది నాలుగో మంచం.
కొబ్బరిచెట్లెక్కే మనిషి,
మంచం మీద కూడా కాళ్లు మెలేసుకునే పడుకునేవోడు.
ఆ బుధవారం ఆటోలో ఐదుగురమే దిగినాం.
ఏటని అడగలేదు సిస్టరు.
అతని మిషను కడిగి, గొట్టాలు బిగించి,
ఎనిమిది దాకా ఆ మంచం ఎవరికీ ఇవ్వలేదు.
ఆ తర్వాత పక్కబట్ట తీసినాది.
ఉతుక్కి పోయే గుడ్డని
మూల మూల కలిపి మడతెట్టడం
నాను అప్పుడే సూసినాను.

ఇవి ఏ గడిలో రాస్తావు బాబూ?

ఇంకోటుంది.
మాకు నీళ్లంటే ఏటో నీకు తెలీదు.
రోజుకి అరలీటరు,
మందుబిళ్ల మింగే గుక్కా అందులోదే.
రోహిణి ఎండల్లోన ఫ్యాను నిప్పులు ఇసురుతుంటే
గదిలో ఎవరు సీసా మూత తిప్పినా
పన్నెండు తలకాయలూ అటే తిరుగుతాయి.
మూడేళ్లయినాది,
ఆ గుంట మా ముందర నీళ్లు తాగడం నాను సూడలేదు.
దాని పెదాలూ మావిలాగే పగిలుంటాయి.

మజ్జానం మందుల గదిలోకెల్లి
తలుపు ఓరగా ఏసుకుంటాది.
మూత తిప్పిన సప్పుడు.
దొంగతనంగా, ఆపి ఆపి మింగిన సప్పుడు.
మా అందరికీ వినబడతాది.
ఎవరం ఎవరితోనూ అనుకోలేదు గానీ
సరిగ్గా అప్పుడే
ఐదో మంచం ఎర్రన్న దగ్గుతాడు,
కిటికీ కాడి ముసలమ్మ దేవుణ్ణి పిలుస్తాది,
నాను దుప్పటి దులుపుకుంటాను.
మేం వినలేదని ఆ పిల్లకి తెలియాలి కదా.

"అయితే బాగుంది అని రాసీనా?" అన్నాడు బాబు.
రాసుకో నాయనా, నీ ఇష్టం.
ఏలిముద్ర మాత్రం పడదు నాకు.
ఇంతకీ,
ఆ సేతిలో నీళ్లసీసా
సంచిలో పెట్టుకో ముందు.